ఉబ్బిన సిరకు చికిత్స ఎప్పుడు? తోపుల కార్ఖానా కాలం నుంచి నేటి వరకు

హైదరాబాదులో ఆబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్ళే దారిలో గన్‌ఫౌండ్రీ ఉన్నది. పాతకాలం వారు దీనిని 'తోప్ కా సాంచా' అనేవారు. తోపు అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. రెండవ నిజాం అలీఖాన్ కొలువులో సేనానిగా ఉండిన ఫ్రెంచివాడు మిషెల్ జోకిం మరీ రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానాను నెలకొల్పాడు. మూసారాంబాగ్ పేరులోని 'మూసా' ఈ రేమండే. అతడు 1798లో మరణించాడు. అతని పటాలాలను ఆంగ్లేయులు అదే సంవత్సరం రద్దు చేయించారు. కొలిమి ఆరిపోయింది, పేరు మాత్రం మిగిలింది.

వైద్యుని వ్యాసంలో ఫిరంగుల ప్రస్తావన ఎందుకని పాఠకులు అడగవచ్చు. కొలిమి పని నిలబడి చేసే పని. ఆనాటి నుంచి నేటి వరకు ఈ ప్రాంతంలో నిలబడి బ్రతికేవారికి కొరత లేదు. 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు వ్యాపారం మొదలుపెట్టినది గన్‌ఫౌండ్రీలోనే. బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు, మహబూబియా, ఆలియా పాఠశాలల్లో నల్లబల్ల ముందు ఉపాధ్యాయులు, ఆబిడ్స్ దుకాణాలలో ఉదయం పది నుంచి రాత్రి వరకు చీరలు విప్పి చూపించే అమ్మకందారులు, కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు, పెనం ముందు దోసెలు వేసే వంటమనిషి. వీరిలో కొందరి పిక్కల మీద నీలంగా, మెలికలు తిరిగి, తాళ్ళవలె పైకి తేలిన సిరలు కనిపిస్తాయి. వైద్యులు వీటిని వెరికోస్ వెయిన్స్ అంటారు. నేను ఈ వ్యాసంలో ఉబ్బుసిరలు అని వ్రాస్తాను.

ఇక్కడ మన భాషలోని ఒక చిక్కును చెప్పాలి. తెలుగువారు వాడుకలో దేనినైనా 'నరం' అనే అంటారు. నెత్తురు మోసే సిరా నరమే, స్పర్శను మోసే నాడీ నరమే. అందుచేత 'కాళ్ళలో నరాలు ఉబ్బాయి' అన్న రోగి 'నరాల డాక్టరు'ను వెతుక్కుంటూ వెళ్ళి, అక్కడ బలానికి బి విటమిన్ మాత్రలు వ్రాయించుకుని, ఆరు నెలలు మ్రింగి, ఆ తరువాత శస్త్రవైద్యుని వద్దకు రావడం నేను ఉద్యోగకాలమంతా చూశాను. ఉబ్బుసిరలకు విటమిన్ మాత్రలతో పని లేదు. వెళ్ళవలసినది జనరల్ సర్జన్ వద్దకు, అందుబాటులో ఉంటే రక్తనాళాల శస్త్రవైద్యుని వద్దకు.

సిరల పని పాదాల నుంచి గుండెకు రక్తాన్ని ఎగువకు చేర్చడం. నిటారుగా నిలబడినప్పుడు చీలమండ దగ్గర సిరలలో పీడనం సుమారు 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది. నడక మొదలుపెట్టగానే పిక్క కండరం పిండినట్లై రక్తం పైకి పోతుంది, సిరలలోని చిన్న చిన్న కవాటాలు దానిని తిరిగి క్రిందికి జారనివ్వవు. ఆరోగ్యవంతుని కాలిలో నడిచేటప్పుడు ఈ పీడనం 30కి, అంతకన్న తక్కువకు కూడా పడిపోతుంది. కవాటాలు చెడినవారిలో అది దిగదు. ఆ బరువు చర్మం క్రింది సిరలను సాగదీసి వంకర తిప్పుతుంది. కవాటాలు చెడడానికి వంశపారంపర్యం ముఖ్యకారణం. గర్భధారణలు, వయస్సు, స్థూలకాయం, గంటల తరబడి కదలక నిలబడడం దానికి తోడవుతాయి.

రేమండ్ కార్ఖానాలో ఉబ్బుసిరలు ఉన్న పనివాడు ఒకడు ఉండేవాడనుకుందాం. అతనికి ఆ కాలంలో మూడు దారులు ఉండేవి. మొదటిది ఆయుర్వేదం. సుశ్రుతుడు సిరాజగ్రంథి అనే వ్యాధిని వర్ణించాడు. బలహీనుడు అతిగా శ్రమించినప్పుడు వాయువు సిరలను ముడిచి, ఉబ్బెత్తు గడ్డగా చేస్తుందని, నొప్పితో కదిలే గడ్డ కష్టసాధ్యమని, కదలని పెద్ద గడ్డను, మర్మస్థానంలోని గడ్డను వైద్యుడు ముట్టరాదని చెప్పాడు. ఇది మన ఉబ్బుసిరలేనని నేను రూఢిగా అనను గాని, ఏది ముట్టాలి, ఏది ముట్టరాదు అన్న విచక్షణను గమనించండి. రెండవది యునానీ. ఆ వైద్యంలో ఈ జబ్బు పేరు 'దవాలీ'. అరబ్బీలో ఆ మాటకు ద్రాక్షతీగలని అర్థం. కాలి మీద పాకిన సిరను చూసినవారెవరికైనా ఆ పేరు ఎంత తగినదో తెలుస్తుంది. మోతకూలీలకు, కాలినడకన వార్తలు మోసేవారికి, ప్రభువుల ఎదుట నిలబడి ఉండే సేవకులకు ఈ వ్యాధి ఎక్కువని యునానీ గ్రంథాలు చెప్పాయి. దర్బారుల నగరమైన హైదరాబాదుకు ఇంతకన్న సరిపోయే వాక్యం ఉండదు. ఫస్ద్ అనే రక్తమోక్షణం, జలగలు పట్టించడం వారి చికిత్సలు.

మూడవది ఐరోపా పద్ధతి. అందులో కట్టు ఉన్నది, కత్తి ఉన్నది. కట్టు మంచిదే. 1676 నాటికే రిచర్డ్ వైజ్‌మన్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు తోలుతో చేసి తాళ్ళతో బిగించే మేజోడు గురించి వ్రాశాడు. రేమండ్ మరణానికి ఒక ఏడాది ముందు, 1797లో, బ్రిస్టల్ నగరానికి చెందిన థామస్ బేంటన్ కాలి పుండ్లకు అంటుకునే పట్టీలను బిగించి చుట్టే పద్ధతిని ప్రచురించాడు. కత్తి సంగతి వేరు. మత్తుమందు లేని రోజులవి. రోమన్ సేనాని మారియస్ కథను ప్లూటార్క్ చెప్పాడు. అతని రెండు కాళ్ళలోనూ ఉబ్బుసిరలు ఉండేవట. కట్టివేయనీయకుండా ఒక కాలిని చాచి, మూలుగైనా మూలుగకుండా కోయించుకున్నాడు. వైద్యుడు రెండవ కాలి వైపు తిరుగగానే వద్దన్నాడు. పడిన బాధకు తగిన ఫలితం కనిపించలేదని అతని లెక్క. క్రీస్తు పూర్వం నాటి ఈ లెక్కనే ఆ తరువాత దాదాపు రెండు వేల ఏళ్ళ పాటు ప్రతి రోగీ వేసుకున్నాడు. బాధ ఎంత, ఫలం ఎంత? కనుక ఉబ్బుసిరలకు శస్త్రచికిత్స ఎప్పుడు అన్న ప్రశ్నకు ఆనాటి జవాబు ఒక్కటే: ఇక భరించలేనప్పుడు.

ఈ లెక్క మారిన కథలో మన నగరానికి ఒక పాత్ర ఉన్నది. 1846లో హైదరాబాదులో మెడికల్ స్కూలు స్థాపితమైనది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు అదే మూలం. 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఆ స్కూలుకు అధిపతి అయ్యాడు. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు రోగి నాడిని కాక ఊపిరిని కనిపెట్టి ఉండాలని అతని వాదం. గుండె ఆగేకన్న ముందే శ్వాస ఆగుతుందని, శ్వాసను చూసుకుంటే ప్రాణభయం లేదని అతడు నమ్మాడు. లండన్ వైద్యులు ఒప్పుకోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం సొమ్ము ఇవ్వగా 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్, 1889లో రెండవ కమిషన్ జంతువులపై ప్రయోగాలు చేశాయి. రెండవ దానికి లాన్సెట్ పత్రిక పక్షాన లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ ఔషధ శాస్త్రజ్ఞుడు లండన్ నుంచి ఓడలో వచ్చాడు. అదే కాలంలో ఆ స్కూలులో చదివి క్లోరోఫారం ఇవ్వడం నేర్చిన పార్సీ వనిత రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా నేడు స్మరిస్తున్నారు.

లారీ సిద్ధాంతం పూర్తిగా నిలబడలేదు. క్లోరోఫారం నేరుగా గుండె లయను చెడగొట్టి చంపగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. అయినా ఊపిరిని కనిపెట్టి చూడమన్న హైదరాబాదు పాఠం వ్యర్థం కాలేదు. నేటికీ మత్తు వైద్యుడు మొదట చూసేది అదే. లారీ కాలం నాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఎందరో ప్రాణాలు దక్కించుకున్నారు. తరువాత అక్కడే ఉస్మానియా ఆసుపత్రి వెలసింది.

మత్తు వచ్చాక శస్త్రవైద్యునికి తొందర తగ్గింది, ఆలోచనకు సమయం దొరికింది. రెండవ కమిషన్ ముగిసిన ఒకటి రెండేళ్ళలోనే, 1890-91లో, జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ తొడలోని పెద్ద సిరను కట్టివేసే శస్త్రచికిత్సను ప్రచురించాడు. కాలి మీద కనిపించే మెలికలను ఎంత కోసినా లాభం లేదు, పైనుంచి రక్తం జారుతున్న ద్వారాన్ని మూయాలన్నది అతని ఆలోచన. నా దృష్టిలో ఈ వ్యాధి చరిత్రలోకెల్లా ముఖ్యమైన ఊహ అదే. తరువాత 1905, 1907 సంవత్సరాల మధ్య అమెరికాలో కెల్లర్, మేయో, బాబ్‌కాక్ ఒకరి తరువాత ఒకరు సిరను తీగతోనో కడ్డీతోనో లాగివేసే పద్ధతులు కనిపెట్టారు. దానినే స్ట్రిప్పింగ్ అంటారు.

మా తరం విద్యార్థులు నేర్చుకున్నది ఆ స్ట్రిప్పింగే. పరీక్షలలో ఉబ్బుసిరల రోగి తప్పక ఉండేవాడు. అతనిని పడుకోబెట్టి, కాలు ఎత్తి, సిరలు ఖాళీ అయ్యాక తొడకు రబ్బరు గొట్టం కట్టి, నిలబెట్టి, గొట్టం విప్పినప్పుడు రక్తం పైనుంచి జారుతున్నదో లేదో చెప్పమనేవారు. అదే ట్రెండెలెన్‌బర్గ్ పరీక్ష. తప్పు చెప్పిన విద్యార్థి గతి ఏమయ్యేదో వ్రాయనవసరం లేదు. శస్త్రచికిత్సకు గజ్జలో కోత, వెన్నులో మత్తు సూది, రోజుల తరబడి ఆసుపత్రి మంచం, కాలంతా కమిలిన నలుపు, కొందరికి చీలమండ దగ్గర శాశ్వతంగా తిమ్మిరి. మారియస్ నాటి బాధ కాకపోయినా ఇది చిన్న మూల్యమేమీ కాదు. దినకూలీ పోతుందని వాయిదా వేసినవారిని తప్పుపట్టలేము. వారిలో ఎక్కువమంది పుండు పడ్డాకనే తిరిగి వచ్చేవారు.

1980ల నుంచి డాప్లర్ స్కాన్ వచ్చి రబ్బరు గొట్టాన్ని మూలకు నెట్టింది. ఏ కవాటం చెడినదో, రక్తం ఎటు జారుతున్నదో తెరపై కనిపిస్తుంది. 1999 తరువాత రేడియో తరంగాలతో, లేజర్‌తో సిరను లోపలినుంచే వేడిచేసి మూసివేసే పద్ధతులు వ్యాప్తిలోకి వచ్చాయి. మోకాలి దగ్గర సూది గుచ్చి సన్నని గొట్టాన్ని పంపుతారు. సిర చుట్టూ మత్తుమందు కలిపిన నీటిని ఎక్కిస్తారు. రోగి ఆ సాయంత్రమే నడిచి ఇంటికి పోతాడు. మందును నురుగుగా చేసి సిరలోకి ఎక్కించే పద్ధతి, జిగురుతో మూసే పద్ధతి కూడ ఉన్నాయి. 2013లో బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ తన మార్గదర్శకాలలో మొదట వేడితో మూయడం, అది కుదరకుంటే నురుగు, అదీ కుదరకుంటే శస్త్రచికిత్స అని వరుస చెప్పింది.

ఇక్కడ మారియస్ లెక్క తలక్రిందులైనది. బాధ చాలా తగ్గింది గనుక, పూర్వం ఆలస్యమే ప్రమాదమైతే నేడు తొందర కూడ ఒక ప్రమాదమైనది. 'అరగంటలో లేజర్, కోత లేదు, కుట్టు లేదు' అన్న బోర్డులు నగరమంతటా చూస్తున్నాము. పద్ధతి సులువు కావడం వేరు, అది మీకు ఇప్పుడు అవసరం కావడం వేరు. చర్మం మీద సాలెగూడు వంటి సన్నని ఎర్ర, నీలి గీతలు మాత్రమే ఉండి, వాపు గాని నొప్పి గాని లేనివారు అందం కోసం తప్ప చికిత్స చేయించుకోనక్కరలేదు. మరొక సంగతి. ఆ పెద్ద సిర ఆరోగ్యంగా ఉన్నంతవరకు ఒక నిధి. 1967 నుంచి గుండె బైపాస్ శస్త్రచికిత్సలో వాడుతున్నది కాలిలోని ఆ సిరనే. చెడిన సిర అందుకు పనికిరాదన్నది నిజమే గాని, బాగున్న దానిని పోగొట్టుకోరాదు. నిలబెట్టి తీసిన డాప్లర్‌లో రక్తం వెనుకకు జారుతున్నట్లు రుజువు కానిదే ఏ సిరనూ మూయనీయకండి. పడుకోబెట్టి తీసిన స్కాన్‌ను నమ్మి నిర్ణయం తీసుకోవద్దు.

మరి ఎప్పుడు? సిర ఎంత లావుగా ఉబ్బినదో చూసి కాలాన్ని నిర్ణయించడం మనందరి అలవాటు. నా సలహా, చీలమండ లోపలి వైపు చర్మాన్ని చూడండి. సిర భయంకరంగా కనిపించినా ఆ చర్మం మామూలుగా ఉంటే తొందర లేదు. సాయంత్రానికి బరువు, నొప్పి, వాపు వేధిస్తుంటే మీ వీలు చూసుకుని చేయించుకోవచ్చు. ఆ చర్మం గోధుమరంగుకో నలుపుకో తిరిగినా, దురదపెట్టి గజ్జిలా రసి కారినా, బిగుసుకుని చెక్కలా గట్టిపడినా వాయిదాలు చాలించాలి. వైద్యులు ఈ దశలను సున్న నుంచి ఆరు వరకు అంకెలతో గుర్తిస్తారు. చర్మం మారడం నాలుగు, మానిన పుండు ఐదు, మానని పుండు ఆరు. నాలుగు వరకు రానిచ్చి ఆపగలిగితే ఐదు, ఆరు చాలామందికి రావు. చర్మం రంగు మారినప్పుడు మనవారు పసుపు, వేపాకు పూసి ఊరుకుంటారు. పుండు పడ్డాక 'షుగర్ పుండు' అనుకుని అన్నం మానేస్తారు. షుగర్ ఉన్నవారికి కూడ సిరల పుండు రావచ్చు. చూపించుకోకుండా ఏదో ఒకటి అనుకోవద్దు.

పుండు విషయంలో 'ఎప్పుడు' అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇటీవలే దొరికింది. మొదట కట్లు కట్టి పుండు మాన్పి, ఆ తరువాత సిరకు చికిత్స చేయాలని మేము చదువుకున్నాము. 2004లో లాన్సెట్‌లో వచ్చిన 500 మంది రోగుల అధ్యయనంలో కట్టుతో పాటు శస్త్రచికిత్స చేసినవారిలో ఏడాదిలోగా పుండు తిరగబెట్టినది 12 శాతానికి, కట్టు మాత్రమే కట్టినవారిలో 28 శాతానికి. అయితే పుండు మానే వేగంలో అప్పుడు తేడా కనిపించలేదు. 2018లో బ్రిటన్‌లో 450 మందిపై జరిగిన మరొక అధ్యయనం ఆ లోటు తీర్చింది. పుండు ఉండగానే, రెండు వారాలలోపు, సిరను మూసివేసినవారిలో అది సగటున 56 రోజులలో మానింది. పుండు మానే వరకో, ఆరు నెలల వరకో ఆగినవారిలో 82 రోజులు పట్టింది. అంటే 26 రోజుల తేడా. రోజుకూలీ మీద బ్రతికే మనిషికి 26 రోజులంటే ఎంతో ఆ మనిషిని అడగండి. మా చదువులోని ఆ క్రమం ఇప్పుడు మారిపోయింది. పుండు మానాక చూద్దామని ఎవరైనా అంటే, ఈ అధ్యయనం సంగతి మర్యాదగా ప్రస్తావించండి.

ఆగవలసినవారు కూడ ఉన్నారు. గర్భిణులలో ఉబ్బిన సిరలు ప్రసవం తరువాత చాలావరకు తగ్గుతాయి. అప్పటివరకు మేజోళ్ళు చాలు, చికిత్స మాట ప్రసవమైన కొన్ని నెలలకు ఆలోచించవచ్చు. లోతుసిరలలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయినవారికి పైసిరలే ప్రత్యామ్నాయ మార్గం కావచ్చు. వాటిని మూస్తే కాలికే ముప్పు. ఒక కాలు మాత్రం హఠాత్తుగా వాచి నొప్పిపెడితే అది ఉబ్బుసిరల సంగతి కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పొగత్రాగేవారు, మధుమేహులు పాదంలో నాడి కొట్టుకుంటున్నదో లేదో చూపించుకోకుండా బిగువు మేజోళ్ళు వేసుకోరాదు. ధమనులు సన్నబడిన కాలికి ఆ బిగువు హాని చేస్తుంది.

తొందర లేని చికిత్సకు ఋతువును చూసుకోవడంలో తప్పు లేదు. తరువాత కొన్నాళ్ళు మేజోళ్ళు వేసుకోమంటారు. మన మే నెల ఎండలో వాటిని భరించడం ఎంత కష్టమో వేసుకున్నవారికి తెలుసు. అందుచేత దసరా నుంచి శివరాత్రి మధ్య కాలం మేలు. ఇంట్లో పెళ్ళి ఉంటే అది అయ్యాక పెట్టుకోండి. ఆషాఢమనీ, శూన్యమాసమనీ ఆగేవారితో నేను ఎప్పుడూ వాదించలేదు, వారి చీలమండ చర్మం బాగున్నంతవరకు. పుండు ఉన్నవారికి మాత్రం పంచాంగం చూడవద్దని గట్టిగా చెప్పేవాడిని. చికిత్స తరువాత కొందరిలో కొన్నేళ్ళకు కొత్త సిరలు ఉబ్బుతాయని కూడ ముందే తెలుసుకోండి. అది వైద్యుని మోసం కాదు, కవాటాల స్వభావం.

ఇంకొక సందర్భంలో ఆగడానికి అసలే వీలు లేదు. పలుచబడిన చర్మం క్రింది ఉబ్బుసిర, స్నానం చేస్తుండగానో గోరు తగిలో చిట్లితే రక్తం ధారగా కారుతుంది. నొప్పి ఉండదు గనుక వృద్ధులు ఆలస్యంగా గమనిస్తారు. వెంటనే నేల మీదైనా సరే పడుకోబెట్టి, కాలిని గుండెకన్న ఎత్తుగా లేపి, శుభ్రమైన గుడ్డతో చిట్లిన చోట చేత్తో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. ఆ పైన తాడో తువాలో బిగించి కట్టవద్దు. కడితే సిరలోని రక్తానికి పైకి పోయే దారి మూసుకుపోయి రక్తస్రావం మరింత పెరుగుతుంది. కాలు ఎత్తితే చాలామందిలో నిమిషాలలోనే ఆగిపోతుంది. ఆగాక ఆసుపత్రికి తీసుకువెళ్ళి, ఆ సిరకు చికిత్స చేయించే రోజు నిర్ణయించుకునే ఇంటికి తీసుకురండి.

చికిత్స దాకా రాని వారి సంగతి మిగిలింది. నిలబడి పనిచేసేవారు అరగంటకు ఒకసారి మడమలు ఎత్తి దించినా, నాలుగు అడుగులు వేసినా పిక్క కండరం రక్తాన్ని పైకి నెడుతుంది. రాత్రి పడుకున్నప్పుడు కాళ్ళ క్రింద దిండు పెట్టుకోవచ్చు. దుకాణాలలో కూర్చోనీయని యజమానుల విషయంలో రెండు దక్షిణాది రాష్ట్రాలు ఒక అడుగు వేశాయి. 2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణాల చట్టాలను సవరించి, పనివారికి కూర్చునే వసతి కల్పించాలని యజమానులను ఆదేశించాయి. ఆబిడ్స్‌లో మీరు చీరలో చెప్పులో కొనడానికి వెళ్ళినప్పుడు కౌంటరు వెనుక స్టూలు ఉన్నదేమో ఒకసారి తొంగిచూడండి. లేకపోతే యజమానిని అడగండి. కొనడానికి వచ్చినవారు అడిగితే యజమాని వింటాడు.